మూలల్లో కన్ను చిన్నదిగా

కిట్వె,
ఫిబ్రవరి 19.

అమ్మకు,

నీ ముందు మోకాళ్ళూని, రెండు అరచేతులూ మెల్లగా చరిచి దణ్ణం పెట్టానని అనుకో. ఇక్కడ వదిన, లెంగ్వె, నేను ఆరోగ్యంగా ఉన్నాం. నువ్వు, మామయ్య, దీవిలో మనవాళ్ళంతా అలాగే ఉన్నారని తలుస్తాను. బాగున్నామని రాయకుండా ఏ ఉత్తరమూ మొదలుపెట్టకూడదని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. అందుకని రాశాను. ఒంట్లో బాగుందన్నంత వరకే నిజమనుకో.

ఈ ఉత్తరంతో పాటు చిన్న డబ్బా ఒకటి పంపుతున్నాను. అందులో కళ్ళజోడుంది. అక్టోబరులో అన్నయ్య కోసం వచ్చినప్పుడు ఇక్కడి ఆసుపత్రిలో రాసిచ్చిన నంబరుకే చేయించాను. ముక్కు మీద బరువుగా ఉందని పెట్టె అడుగున దాచెయ్యకు. ఇన్నాళ్ళూ నా ఉత్తరాలు మామయ్య చదివి వినిపిస్తున్నాడు. మధ్యమధ్య సొంత మాటలు కలిపేస్తాడని నువ్వే విసుక్కున్నావు. ఈ ఉత్తరం మాత్రం నువ్వొక్కదానివే చదువుకో. వలలు బాగుచేసుకునే పందిరి కింద, ఎవరూ లేని వేళ చూసుకుని చదువుకో. మామయ్య అడిగితే కళ్ళజోడు సరిపోయిందో లేదో చూసుకుంటున్నానని చెప్పు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. ఎండు చేపలు అందాయి. బస్సువాడు మన మూట మీద ఎవరిదో ఇనుప మంచం పడేశాడు, సగానికి సగం పొడైపోయాయి. వదిన ఆ పొడినే టమాటాలు వేసి వండింది. "నాయనమ్మ చేపల్ని దంచి పంపిందేంటి!" అని లెంగ్వె పకపకా నవ్వింది. అన్నయ్య పోయాక ఆ పిల్ల నవ్వడం నేను వినడం అదే మొదటిసారి. దాని దగ్గు తగ్గింది. వాన కారే చోట రేకు మార్చాను. నా పెళ్ళి సంగతి అడిగావు. చర్చిలో ఎవరో అమ్మాయిని చూడమని వదినకు కూడా కబురు పెట్టావట. దీవిలో కూర్చుని ఇక్కడిదాకా చెయ్యి చాచగలవు నువ్వు. ఆ మాట ఇప్పుడొద్దమ్మా.

ఇంక మిగిలినవి రెండు. వాటికి జవాబు రాయలేకే మూడు వారాలుగా నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

నీ ఉత్తరం పైన "నా మలామాకు" అని రాయించావు.  అన్నయ్యకు రాసిన పాత ఉత్తరమేదో దారి తప్పి వచ్చిందనుకున్నాను. కింద చదివితే అర్థమైంది. వేట నిషేధం ఎత్తేశాక, మార్చిలో మొదటి వలలు నీళ్ళలో పడ్డ వారానికి, మనవాళ్ళంతా కూడి నన్ను చాప మీద కూర్చోబెడతారు. మామయ్య చేతుల మీదుగా నీళ్ళు తాగిస్తారు. ఆ రోజు నుంచి అన్నయ్య పేరు నాదవుతుంది. అప్పటిదాకా అన్నయ్య ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంటాడు, ఆ తర్వాతే నెమ్మదిస్తాడు. "ఇప్పటి నుంచే నోటికి అలవాటు చేసుకుంటున్నాను. వదిన వదినగానే ఉంటుంది. పేరూ, పిల్లా నీవి," అని రాయించావు. చుట్టాలను దీవికి తేవడానికి రెండు పడవలకు చెప్పేశానని కూడా రాయించావు.

రెండో ప్రశ్న మూడు ఉత్తరాల నుంచీ అడుగుతున్నావు. "గని వాళ్ళ కాగితంలో వాడిదే తప్పని రాశారంట. గొలుసు అదిరించి లాగాడంట. చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు. నా కొడుకు చేజేతులా చచ్చాడా?"

మొదటిసారి వానల గురించి రాశాను. రెండోసారి మామిడిపళ్ళ గురించి రాశాను. నువ్వు గమనించకుండా ఉండవు.

నీ కొడుకు తప్పేమీ చెయ్యలేదమ్మా. ఇది ఊరడింపు కోసం రాయడం లేదు. అన్నయ్య ఎలా పోయాడో ఈ ఊళ్ళో అందరికంటే నాకే బాగా తెలుసు. ఎందుకు తెలుసో చెప్పాలంటే నేను చేసే పనేమిటో చెప్పాలి. ఇన్నేళ్ళూ నువ్వడిగితే "కంప్యూటరు ముందు కూర్చుంటానమ్మా," అని తప్పించుకున్నాను.

మా కంపెనీ గనులకు కావలసిన ఇనుప సామాను తయారుచేస్తుంది. చేసేముందు ప్రతి వస్తువునూ కంప్యూటర్లో నిండు బొమ్మగా గీస్తారు. బయటి గీతలే కాదు, లోపలి కండ కూడా ఉన్న బొమ్మ. అది బరువు మోస్తుందో లేదో చూడటం నా పని. మొత్తం వస్తువును ఒకేసారి లెక్క కట్టడం ఎవరి వల్లా కాదు. అందుకని దాన్ని వేల చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకూ లెక్క కట్టి, అన్నిటినీ కలుపుతాం. ఆ ముక్కల గీతలు బొమ్మ నిండా పరుచుకుంటే అచ్చం నీ ఒడిలో ఉండే వలలాగే కనిపిస్తుంది. మేం కూడా దాన్ని వల అనే అంటాం. లెక్క పూర్తయ్యాక బరువు తేలిగ్గా ఉన్న చోట నీలం, ఎక్కువున్న చోట ఎరుపు కనిపిస్తాయి.

వల వెయ్యడం కంటే వలకు బొమ్మను సిద్ధం చెయ్యడమే పెద్ద పని. బొమ్మ నిండా అనవసరమైనవి ఉంటాయి. కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది, రంగు కారడానికి చిన్న బెజ్జం ఉంటుంది, జుట్టంత సన్నటి అంచులుంటాయి. అలాంటి చోట ముక్కలు పీలికలైపోతాయి, లెక్క కుదరదు. అందుకని ముందు కూర్చుని అవన్నీ చెరుపుతాం. చెరపడం తప్పు కాదు. ఏది చెరపవచ్చో, ఏది చెరపకూడదో తెలియడమే ఈ పనిలో చదువంతా. నాకు బాగా తెలుసని అందరూ అనేవాళ్ళు. నేనూ అనుకునేవాణ్ణి.

రెండున్నరేళ్ళ కిందట గని మరమ్మతు షెడ్లకు పన్నెండు బ్రాకెట్లు చేశాం. పైదూలానికి బిగిస్తారు, దానికి గొలుసు కప్పీ వేలాడదీసి లారీల ఇంజన్లు ఎత్తుతారు. కోడిమెడలా వంగి ఉంటుంది. ఆ వంపు లోపలి మూలను కాస్త గుండ్రంగా తిప్పుతారు. వేలిగోరంత గుండ్రన, అంతే. ఆ రోజు ఆ గుండ్రన దగ్గరే వల మూడుసార్లు తెగింది. సాయంత్రమైంది. అన్నయ్య మ్యాచ్‌కి తీసుకెళ్ళాలని మా గేటు దగ్గర కాల్చిన మొక్కజొన్న పొత్తులు పట్టుకుని నిలబడ్డాడు. "ఒరేయ్ ముబాంగా, నువ్వు దిగొచ్చేసరికి పొత్తుల మీద గింజలుండవు, బెండ్లే మిగుల్తాయి!" అని కిందినుంచి కేక పెట్టాడు. నేను లెక్క కట్టే బొమ్మలో ఆ గుండ్రనను చెరిపేశాను, తయారయ్యే ఇనుములో అది ఎలాగూ ఉంటుంది. మూల కత్తిలా పదునుగా మిగిలింది. వల చక్కగా పడింది. అన్నయ్య మీద నెపం పెట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఆయన పిలవకపోయినా నేను చెరిపేవాణ్ణే. అంతకుముందు వందసార్లు చెరిపాను.

లెక్కలో ఆ మూల ఎర్రగా మండింది. పదును మూలల్లో ఎరుపు రావడం మామూలే. ముక్కలు ఎంత చిన్నవి చేస్తే అంత పెరుగుతూ పోతుంది, దానికి అంతు ఉండదు. అది పదును వల్ల పుట్టిన అబద్ధపు ఎరుపని, పట్టించుకోనక్కర్లేదని మా పనివాళ్ళందరికీ అలవాటు. నేనూ పట్టించుకోలేదు. గుండ్రనను తిరిగి పెట్టి, అక్కడ ముక్కలు చిన్నవి చేసి ఇంకోసారి చూస్తే నిజమైన ఎరుపు ఎంతో తెలిసేది. ఒక్క పూట పని. నేను చెయ్యలేదు. "అనుకున్నదానికి రెట్టింపు బరువు మోస్తుంది," అని కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

నాన్న పడవకు వల కడుతున్నప్పుడు నువ్వు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెప్పావో గుర్తుందా? "తాడు కట్టే మూలల్లో కన్ను చిన్నదిగా వెయ్యరా, నూలు రెండు పోగులు చెయ్యి. బరువంతా అక్కడే పడుద్ది." అప్పుడు నాకు ఏడేళ్ళు. నేను పెద్ద చదువులో నేర్చుకున్నది కూడా అదే మాట. నువ్వు చెప్పినప్పుడు విన్నాను, నా పనిలో మాత్రం వినలేదు.

అక్టోబరులో షెడ్డులో అన్నయ్య మీద ఇంజను పడింది ఆ పన్నెండింటిలో ఒక బ్రాకెట్టు విరిగే. ఆ వార్త చెప్పినప్పుడే ఏ బ్రాకెట్టో నాకు తెలిసింది. ఎక్కడ విరిగిందో మాత్రం తెలియదు. తెలియకూడదని దేవుడికి మొక్కుకున్నాను.

అన్నయ్యతో పనిచేసే జెరె నీకు గుర్తుండే ఉంటాడు. చావు ఇంటికి వచ్చి, న్గోనీ తెగవాళ్ళకు చావులో కూడా మనల్ని ఆటపట్టించే సరసపు హక్కు ఉంది కదా, అది వాడుకుని, శవపెట్టె మీద చెయ్యి వేసి "లేవరా చేపల కంపుగాడా, షిఫ్టు టైమైంది. మీ దీవోళ్ళకి పడుకోడం తప్ప ఇంకేం వచ్చు?" అని అరిచాడు. "పోరా ఎలుకలు తినేవాడా!" అని నువ్వు ఏడుస్తూనే తిట్టావు. అందరూ నవ్వారు, అందరూ ఏడ్చారు. ఆ తర్వాత జెరె నన్ను బయట నెగడు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ చెప్పిన మాటలు నీకింతవరకు చెప్పలేదు.

"మూల దగ్గర రంగు చిట్లినట్టుందిరా, వేరే కప్పీ చూద్దాం అన్నా మీ అన్నతో," అన్నాడు జెరె. "పైకి చూసి నవ్వాడు. 'మా తమ్ముడు లెక్క చూసిన ఇనుమురా ఇది. నీ అనుమానాలు మీ ఊరి ఎలుకల మీద పెట్టుకో,' అన్నాడు. అని దాని కిందికే వెళ్ళి నిలబడ్డాడు. గొలుసు అదిరించలేదు, ఏమీ లేదు. నేను చూశా. నిదానంగానే లాగాడు."

అన్నయ్య నా పేరు చెప్పుకుని ఆ కింద నిలబడ్డాడమ్మా.

గని వాళ్ళ కాగితంలో ఏం రాశారో ఇప్పుడు చెబుతాను. బ్రాకెట్టు రెట్టింపు బరువు మోయగలదని తయారుచేసినవాళ్ళ లెక్కలు చూపుతున్నాయి, కనుక అది విరగడానికి వేరే కారణం లేదు, గొలుసును అదిరించి లాగిన మృతుడి నిర్లక్ష్యమే కారణం. ఇదీ వాళ్ళ తీర్పు. జెరె చెప్పింది స్నేహితుడి మాటని కొట్టేశారు. వాళ్ళు చూపించిన లెక్క నాది. కింద సంతకం నాది. అన్నయ్యను ఒకసారి చంపింది చాలదని, ఆ కాగితం ఆయన పేరును కూడా చంపింది. బడిలో పిల్లలు లెంగ్వెను "మీ నాన్న ఇంజన్ని గుంజి మీదేసుకున్నాడు," అంటున్నారు.

నవంబరులో కూర్చుని ఆ గుండ్రనను తిరిగి పెట్టాను. మూల దగ్గర ముక్కల్ని బియ్యపు గింజలంత చేశాను. లెక్క నడుస్తున్నంతసేపూ కిటికీ దగ్గర నిలబడి గేటు వైపు చూశాను. తిరిగి వచ్చి చూస్తే ఎరుపు. ఈసారి ముక్కలు చిన్నవి చేసినా పెరగలేదు, తగ్గలేదు. నిజమైన ఎరుపు అలాగే నిలకడగా ఉంటుంది. ఒక్కసారికి విరగదు. రోజూ ఎత్తుతూ దించుతూ ఉంటే రెండేళ్ళకు విరుగుతుంది. సరిగ్గా రెండేళ్ళకే విరిగింది.

నన్ను మరీ దుర్మార్గుడనుకోకు. మిగిలిన పదకొండింటినీ తుప్పు చూడాలన్న సాకుతో ఆ వారమే దించి తెప్పించాను. నాలుగింటికి అదే మూలలో చీలిక పట్టింది. ఇంకెవరి మీదా ఏదీ పడదు. కానీ ఎందుకు తెప్పించానో ఎవరికీ చెప్పలేదు. ఆ పదకొండు ఇనుములను దాచినట్టే నిజాన్నీ దాచాను. నువ్వు అడిగినప్పుడల్లా మామిడిపళ్ళ గురించి రాశాను.

మొన్న నీ ఉత్తరం తీసుకుని మా పై అధికారి సింఫుక్వె గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన తండ్రిలాంటివాడు, కేకలెయ్యలేదు. తలుపు మూసి వచ్చాడు.

"ఆ కాగితం మీద నీ సంతకం కింద నాదీ ఉంది, బాబూ," అన్నాడు. "నేనూ చూడకుండానే పెట్టాను. నువ్వు బయటపెడితే ఈ కంపెనీ మూతపడుద్ది. నలభై ఇళ్ళు. మీ అన్న తిరిగొస్తాడా?"

"రాడండీ. కానీ మా అమ్మ ఆయన పేరు నాకు పెడతానంటోంది," అన్నాను.

 ఆయనవైపువాళ్ళలోనూ పేరు నిలిపే ఆచారం ఉంది. "అయితే నేను నిన్ను ఆపలేను," అని తలుపు తీశాడు.

నిన్న సాయంత్రం వదినకు చెప్పాను. ముందు నీకు చెప్పాలో, తనకు చెప్పాలో తెలియలేదు. పెరట్లో మొక్కజొన్న పిండి తెడ్డుతో తిప్పుతోంది. ఇప్పుడు నీకు రాసినట్టే మొదటి నుంచీ చెప్పాను. తెడ్డు ఆపకుండా వింది. ముద్ద గట్టిపడింది. దించింది. అప్పుడు అడిగింది.

"జెరె చెప్పింది నిజమేనా? నీ పేరు చెప్పాడా?"

"చెప్పాడట వదినా."

"నవ్వుతూ?"

"నవ్వుతూనే అన్నాడు జెరె."

"నాలుగు నెలలు నా ఇంట్లో కూర్చుని తిన్నావు నువ్వు."

 నా కంచం రోజూ పెట్టే చోటే పెట్టింది. చేతులు కడగడానికి రోజూ తనే నీళ్ళు పోస్తుంది కదా, నిన్న పొయ్యలేదు. చెంబు నా ముందు నేల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేనే పోసుకున్నాను. ఒక చేత్తో పోసుకుని ఇంకో చెయ్యి కడుక్కోవడం ఎంత కష్టమో నాకిన్నాళ్ళూ తెలియదు. తినకుండా లేస్తే తప్పని తిన్నాను. 

ఈ ఉదయం గనుల తనిఖీ అధికారుల దగ్గరికి వెళ్ళాను. పాత లెక్క, కొత్త లెక్క, చీలిన నాలుగు బ్రాకెట్ల ఫోటోలు, జెరె వాంగ్మూలం అన్నీ ఇచ్చాను. "మృతుడి తప్పు లేదు, తప్పు నాది," అని నా చేత్తో రాసిచ్చాను. ఆ గుమాస్తా చదివి, "మృతుడు మీకేమవుతాడు?" అని అడిగాడు. చెప్పాను. పెన్ను కింద పెట్టేశాడు పాపం. నన్నేం చేస్తారో తెలియదు. ఈ పని ఇంక చెయ్యనివ్వరు, అది మాత్రం ఖాయం. కేసు పెట్టినా పెట్టొచ్చు. దానికి నేను భయపడటం లేదు. నీ జవాబుకు భయపడుతున్నాను.

చాప సంగతి నువ్వే తేల్చాలి. చంపినవాడు పేరు తీసుకుంటే ఆ పేరు నెమ్మదిస్తుందా? నాకు తెలియదు. ఇలాంటిది మనవాళ్ళలో ఎప్పుడైనా జరిగిందేమో మామయ్యకు తెలియాలి. అన్నయ్య ఆత్మ నన్ను ఒప్పుకోదనిపిస్తే నన్ను పిలవకు. చాప మీద అక్క కొడుకును కూర్చోబెట్టు, వాడు మంచివాడు. నాకు కోపం రాదు. ఒప్పుకుంటుందనిపిస్తే కబురు చెయ్యి, పడవెక్కి వస్తాను, ఆ పేరు తల మీద పెట్టుకుని బతుకుతాను. రెండిట్లో ఏది తేలికో అడిగితే, రావద్దంటేనే నాకు తేలిక. అందుకే నన్ను అడగకు.

అన్నయ్య కోసం ఏడ్చినప్పుడల్లా నువ్వు "వాడికి అంత తొందరేంటో," అంటూ ఏడ్చావు. ఇంక అలా ఏడవకు. ఆయన తొందరపడలేదు. తొందరపడింది నేను.

మొదట్లో ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకోమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కన్నతల్లివి, నువ్వు ముందు వినాలని అలా అన్నాను. చదవడం అయిపోయింది కాబట్టి ఇప్పుడు దీన్ని మామయ్య చేతికియ్యి. మార్చిలో మనవాళ్ళంతా కూడినప్పుడు, నేను వచ్చినా రాకపోయినా, గట్టిగా చదవమను. వల మూడుసార్లు తెగిన దగ్గర్నుంచి ఈ వాక్యం దాకా, సొంత మాట ఒక్కటీ కలపకుండా చదవమను. అన్నయ్యది తప్పని ఎంతమంది విన్నారో అంతమందీ ఇది కూడా వినాలి.

ఉత్తరం మీద పేరు రాసేటప్పుడు ఈసారి చూసి రాయించమ్మా. నువ్వు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుతో పలుకుతాను. అప్పటిదాకా నా పేరుతోనే,

ఇట్లు,
మలామా తమ్ముడు,
నీ చిన్నకొడుకు
ముబాంగా.